స్కూటర్ ఇంజిన్‌తో డ్రోన్ ఎగరదు

2020 అక్టోబరులో ఆర్మేనియా, అజర్‌బైజాన్‌ల మధ్య కరాబఖ్ యుద్ధం జరుగుతుండగానే, టర్కీ బైరక్తార్ డ్రోన్లలో తమ రోటాక్స్ ఇంజిన్లు ఉన్నాయని బయటపడేసరికి కెనడా కంపెనీ బీఆర్‌పీ సరఫరా నిలిపేసింది. మన సైన్యం నడిపే ఇజ్రాయెల్ హెరాన్ డ్రోన్లకూ రోటాక్సే దిక్కు. అహ్మద్‌నగర్‌ (ఇప్పుడు అహిల్యానగర్)లోని సైనిక వాహనాల పరిశోధన సంస్థ వీఆర్‌డీఈ, ఇతర ప్రభుత్వ సంస్థలతో కలిసి మన నిశాంత్ డ్రోన్ కోసం 55 హార్స్‌పవర్ ఇంజిన్ చేసి చూపిన మాట నిజమే గానీ, అది పిస్టన్ బదులు రోటర్ తిరిగే వాంకెల్ రకం.

ఏటా లక్షల స్కూటర్లు చేసే దేశానికి డ్రోన్ ఇంజిన్ ఓ లెక్కా అనుకుంటే పొరపాటు. స్కూటర్ ఫుల్ థ్రాటిల్‌లో నడిచేది నిమిషమో రెండు నిమిషాలో. డ్రోన్ పైకెక్కేంతసేపూ అలాగే నడవాలి, ఆపైన గంటల తరబడి 60-70 శాతం పవర్ ఇవ్వాలి. స్కూటర్‌లో కుదుపును బెల్టూ క్లచ్చూ మింగేస్తాయి. చిన్న డ్రోన్‌లో ప్రొపెల్లర్‌ను చాలావరకు నేరుగా ఇంజిన్ షాఫ్ట్‌కే, అంటే క్రాంక్‌కే బిగిస్తారు. సిలిండర్ మండిన ప్రతిసారీ షాఫ్ట్ ముందుకు ఉరుకుతుంది, బరువైన ప్రొపెల్లర్ వెనక్కి పట్టి ఉంచుతుంది. ఆ మెలికకు, బిగుతుగా నొక్కి ఎక్కించిన (ప్రెస్‌ఫిట్) క్రాంక్‌పిన్ వెంట్రుకవాసి జారినా షాఫ్ట్ వంకరై బేరింగ్ పోతుంది. ప్రొపెల్లర్ తోపుడు బలాన్ని (థ్రస్ట్) మోయడానికీ తగిన బేరింగ్ ఉండాలి. ప్రొపెల్లర్ వెనకుంటే సిలిండర్‌కు గాలి సరిగా అందదు. రేకులు కట్టి గాలిని సిలిండర్‌ను చల్లబరిచే ఫిన్ల మీదికి మళ్లించకపోతే పిస్టన్ పట్టేస్తుంది.

టూ స్ట్రోక్ తేలిక, చవక. కానీ 5 కిలోవాట్లతో 10 గంటలు ఎగరాలంటే? కార్బురేటర్ టూ స్ట్రోక్ కిలోవాట్-గంటకు దాదాపు 500 గ్రాములు తాగితే 25 కిలోల పెట్రోలు మోయాలి. ఫోర్ స్ట్రోక్‌కు 300 గ్రాముల లెక్కన 15 కిలోలు చాలు. ఇంజిన్ 3 కిలోలు బరువెక్కినా, ఆ తేడా మూడు గంటల్లో తీరిపోతుంది.

ఇక లద్దాఖ్. 5,000 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే 60 శాతమే. కింద సరిచేసిన కార్బురేటర్ జెట్ (పెట్రోలు వదిలే సన్న రంధ్రం) అక్కడ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ప్లగ్ మసిబారుతుంది. గాలి పీడనాన్ని బట్టి ఇంధనం తగ్గించే ఇంజెక్షన్ తప్పదు.

కాబట్టి ప్రభుత్వం డ్రోన్ ఇంజిన్లు చేసే కంపెనీలకిచ్చే రాయితీలో కొంత భాగాన్ని పరీక్ష బెంచ్ మీద ఇంజిన్ నడిచిన గంటలకు ముడిపెట్టాలి. విమాన ఇంజిన్లకు అమెరికా అడిగేది 150 గంటల ఓర్పు పరీక్ష. అదే కొలబద్ద చాలు. ప్రతి 25 గంటలకూ ఇంజిన్ విప్పాలి, క్రాంక్ రనౌట్ (తిరిగేటప్పుడు షాఫ్ట్ ఎంత వంకర పోతుందో) కొలవాలి, పగుళ్లు వెతకాలి. నలభయ్యో గంటలో షాఫ్ట్ విరిగితే, విరిగిన ముక్కను, విరగడానికి కారణాన్ని బయటపెట్టిన కంపెనీకే రెండో విడత నిధులివ్వాలి.