మ్యాచింగ్ సెంటర్

మా ఆవిడతో మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్తే జాకెట్టు ముక్కకి ముప్పావు గంట. ఉన్న పచ్చలన్నీ తీయించి, ట్యూబ్‌లైటు మీద నమ్మకం లేక, కొంగు పట్టుకుని గుమ్మం దాటి ఎండలోకొచ్చి మరీ చూస్తుంది. మీటరు గుడ్డకి! అలాంటిది మా బావగారు రెండున్నర లక్షలు పోసి టవర్ స్పీకర్లు కొని, వాటి మధ్య పెట్టే సెంటర్ స్పీకర్‌ని ఎలా సెలెక్ట్ చేశారంటే, టేపుతో కొలిచి.

అరని కొలిచారండీ. ఇంటీరియర్ అబ్బాయి టీవీ యూనిట్‌లో ఆరంగుళాల అర వదిలాడు, అందులో దూరేదే సెంటర్. షాపు కుర్రాడు కూడా "బ్లాక్‌కి బ్లాక్ సార్, పర్ఫెక్ట్ మ్యాచింగ్" అన్నాట్ట. ఇంకేం, ముహూర్తం పెట్టేశారు.

డెమోకి నన్ను పిలిచారు. ఛేజింగ్ సీన్. ఎడమ టవర్లో బుల్లెట్ డుగ్గుడుగ్గుమని స్టార్ట్ అయింది, టీవీ మధ్యకొచ్చేసరికి లూనా అయిపోయింది, కుడి టవర్ చేరాక మళ్ళీ బుల్లెట్. హీరో నడిరోడ్డు మీద దిగి బండి మార్చాడేమో అనుకున్నా. పది సార్లు అటూ ఇటూ తిరిగాడు, పది సార్లూ మధ్యలో లూనానే. వెనకాల విలన్ల సుమోలు ఆటోలై దాటాయి. హెలికాప్టర్ వచ్చింది, మధ్యలో టేబుల్ ఫ్యాన్. బావగారు కళ్ళు మూసుకుని "ఎఫెక్ట్ చూశావా" అన్నారు. చూశాను బావగారూ.

సన్నటి శబ్దాలు పలికే ట్వీటర్ వేరు, లావు శబ్దాలు పలికే వూఫర్ వేరు, కంపెనీయే వేరు, గొంతు ఎలా కలుస్తుంది? అదే సిరీస్‌లో సెంటర్ ఉంది, తొమ్మిదంగుళాల ఎత్తు, అరలో పట్టదు కాబట్టి వద్దన్నారు. స్పీకర్లని నడిపే రిసీవర్‌కి గదిలో శబ్దం వినిపించి సర్దించే ఆటో కాలిబ్రేషన్ మైకు చూసుకుంటుందట! అది లెవెలు, దూరం సరిచేస్తుంది, టోన్ కూడా కాస్త దిద్దుతుంది, అంతేగానీ లూనాకి బుల్లెట్ ఇంజను బిగించదు.

పోనీ బండి ఎలా మోగితే ఏం. మాటల సంగతేంటి? సినిమాలో డైలాగులు దాదాపు అన్నీ ఆ మధ్య డబ్బాలోంచే రావాలి. అటొక వూఫరు ఇటొక వూఫరు, నడుమ ట్వీటరు పెట్టి అడ్డంగా పడుకోబెట్టిన డబ్బా అది, ఎదురుగా కూర్చుంటే బానే ఉంటుంది, పక్కకి జరిగితే రెండు వూఫర్ల శబ్దం ఒకేసారి చేరక ఒకదాన్నొకటి తినేస్తాయి. (ట్వీటర్ కింద మధ్యస్థాయి శబ్దాలకి వేరే చిన్న మిడ్ స్పీకర్ పెట్టిన త్రీ వే సెంటర్లు అందుకే.) పైగా అరలో లోపలికి తోశారు, బిందెలో తలపెట్టి మాట్లాడినట్టే.

సోఫా ఆ చివర కూర్చునేది బావగారి నాన్నగారు. "ఏమన్నాడ్రా?" అని రెండు సార్లు అడిగారు. మూడోసారి అడగబోతే "నాన్నగారూ, రేపు ఈఎన్‌టీకి చూపిద్దాం" అన్నారు. ఆయన మరి అడగలేదు. వంటింట్లో కుక్కర్ మూడో విజిల్‌కి "అమ్మాయ్, స్టవ్ కట్టెయ్" అని కేకేసేది ఆ ఇంట్లో ఆయనొక్కరే! చెవిటిది మీ డబ్బా. ఆరంగుళాల చెక్క కోసం పెద్దాయన్ని చెవిటివాణ్ణి చేశారు, సిగ్గుండాలి.

నేనే లేచి రిసీవర్ సెట్టింగ్స్‌లో సెంటర్ తీసేసి, ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టా. సెంటర్ మాటల్ని ఎడమా కుడీ టవర్లు సమానంగా పలికితే అవి నట్టనడుమే వినిపిస్తాయి. పెద్దాయన విలన్ జోకుకి నవ్వారు.

నిన్న బావగారు ఫోన్. సెంటర్ మార్చేస్తున్నారట. సంతోషం, ఏ మోడల్ అన్నా.

అదే మోడల్. వాల్‌నట్ కలర్లో.