బరువు కొనండి బాబూ, బరువు!

‘స్పీడ్ పెరిగేకొద్దీ స్టీరింగ్ బరువెక్కి భలే కాన్ఫిడెన్స్ ఇస్తుంది.’ ఈ వాక్యం లేకుండా కారు రివ్యూ రాస్తే జైల్లో వేస్తారేమో తెలీదు. ఎవరూ సాహసించడం లేదు.

అయ్యా, బరువు ఎక్కడినుంచీ ఎక్కదు. పవర్ స్టీరింగ్‌లో మన చేతికి తోడుగా తిప్పే ఎలక్ట్రిక్ మోటారు ఒకటుంటుంది; దాని సాయం తగ్గుతుంది, అంతే. మనం స్టీరింగ్ తిప్పగానే లోపలున్న టార్షన్ బార్ అనే కడ్డీ పిసరంత మెలిపడుతుంది. ఆ మెలికను ఒక సెన్సర్ కొలుస్తుంది. చక్రాల దగ్గరి సెన్సర్లు వేగం చెబుతాయి. కంప్యూటర్ రెండూ చూసుకుని, ముందే రాసిపెట్టిన పట్టిక ప్రకారం మోటారుకి కరెంటు వదులుతుంది. పార్కింగ్‌లో ధారాళంగా, హైవే మీద పొదుపుగా. 1988లో సుజుకి సెర్వో అనే చిన్న కారుతో మొదలైన ఈ ఏర్పాటు నిజానికి మంచిదే. అంతకుముందు నూనె ఒత్తిడితో ఇదే సాయం చేసిన పాత హైడ్రాలిక్ పంపు ఇంజిన్ బెల్టుకి వేలాడుతూ, కారు తిన్నగా పోతున్నా ఊరికే తిరిగి ఇంధనం తాగేది.

ఇక ‘స్పోర్ట్’ బటన్. దాన్ని నొక్కితే అదే కంప్యూటర్ ఇంకో పట్టిక తీస్తుంది. అందులో సాయం ఇంకా తక్కువ. కూలీ సగం మూట మన నెత్తికెత్తి ‘వ్యాయామం సార్’ అని అదనపు కూలి అడిగినట్టు.

షోరూమ్‌లో ఈ సంభాషణ జరిగి తీరుతుంది:

“నొక్కండి సార్. బరువెక్కిందా?”

“ఎక్కిందయ్యా!”

“అదీ సార్, స్పోర్ట్. పై వేరియంట్‌లోనే వస్తుంది.”

“మరి మోటారు పూర్తిగా పని మానేస్తే?”

“అప్పుడు వార్నింగ్ లైటు వెలుగుతుంది సార్. స్టీరింగ్ తిరుగుతుంది గానీ బాగా గట్టిగా ఉంటుంది. సర్వీసుకి తేవాలి.”

“అంటే అసలు సిసలు స్పోర్ట్ ఫ్రీగానే వస్తుందన్నమాట!”

“...టీ తాగుతారా సార్?”

సరే, నవ్వుకున్నాం. కానీ తడి రోడ్డు మీద, మలుపులో, ముందు టైరు పట్టు వదలబోయే ముందు చేతికి ఒక కబురొస్తుంది. చక్రాన్ని తిన్నగా లాగే బలం సడలి స్టీరింగ్ తేలికవుతుంది. జారకముందే అందే హెచ్చరిక అది! మోటారు రాపిడిలో, పైన పూసిన కృత్రిమ బిగువులో అది మునిగిపోతే, ఆ బరువుని ఏం చేసుకోవాలి? కబురు చేతిదాకా వచ్చేలా ట్యూన్ చేసే ఇంజినీర్లు ఉన్నారు. దానికి నెలల తరబడి టెస్ట్ ట్రాక్ మీద కష్టపడాలి. పట్టికలో అంకెలు మార్చి బటన్ మీద ‘స్పోర్ట్’ అని రాయడానికి ఒక మధ్యాహ్నం చాలు. కార్ల కంపెనీల బాబులూ, మీరు మాకు అమ్ముతున్నది ఆ మధ్యాహ్నాన్ని! రివ్యూలు రాసే మహానుభావులు దానికే ఐదు నక్షత్రాలు వేస్తున్నారు.