గుండ్లకమ్మలో 2,222 మంది

నమ్మినవాళ్లను నీళ్లలో పూర్తిగా ముంచితేనే బాప్తిస్మమని, నీళ్లు చిలకరిస్తే అది అసలు బాప్తిస్మమే కాదని నేను చదివిన ఒక వ్యాసంలో తేల్చేశారు. నేను లూథరన్ సంఘంలో పెరిగినవాణ్ణి. నెలల బిడ్డగా ఉన్నప్పుడే నా తల మీద మూడుసార్లు నీళ్లు పోశారు. అయినా ఒక సంగతి చెప్పాలి. బైబిల్లో పెంతెకొస్తు పండుగ నాడు మూడు వేల మంది బాప్తిస్మం పొందారని ఉంది. అంతమందిని ఒక్క రోజులో ముంచడం కుదిరే పని కాదని మావాళ్లు చేసే వాదనలో పస లేదు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఏటిలో 2,222 మందికి ముంచే బాప్తిస్మం ఇచ్చారు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులే. ఇద్దరు నీళ్లలో నిలబడితే, వాళ్లు అలిసిపోయాక ఇంకో ఇద్దరు దిగేవారు.

అలాగని, ఫిలిప్పు చేత బాప్తిస్మం పొందడానికి నీళ్లలోకి దిగిన ఐతియొపీయుడైన నపుంసకుడి కథ చెప్పి, ముంచడమే సరి అంటూ మా నోరు మూయించలేరు. బైబిల్లో అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో, బాప్తిస్మం ఇచ్చిన ఫిలిప్పు కూడా అతనితోపాటు నీళ్లలోకి దిగాడు. దిగడమంటే మునగడమే అయితే ఆయనా మునిగినట్టే కదా! డిడకే అనే తొలినాటి క్రైస్తవుల బోధల పుస్తకం కూడా బాప్తిస్మం ముందు పారే నీళ్లలో ఇమ్మంటుంది, తగినన్ని నీళ్లు లేకపోతే తల మీద మూడుసార్లు పొయ్యమంటుంది.

నాకు ఒళ్లు మండేది పెళ్లిళ్ల దగ్గర. శుభలేఖలు అచ్చయ్యాక, "అమ్మాయి మునగలేదు, మా చర్చిలో పెళ్లి చెయ్యం" అంటారు. మా బంధువులమ్మాయిని అలాగే పెళ్లికి వారం ముందు హడావుడిగా తొట్టిలో ముంచి లేపారు. ఆ పిల్లను విశ్వాసం గురించి ఒక్క ముక్క అడిగిన పాపాన పోలేదు. నమ్మి తీసుకోవాలన్నదే కదండీ మీ వాదనకు అసలు బలం?