రసీదు లేని వాన

తడవడం రెండు రకాలు: రసీదు ఉన్నది, రసీదు లేనిది. మొదటిది విహారం, రెండోది పడిశం. ఈ వర్గీకరణ ఏ శాస్త్రంలోనూ ఉండకపోవచ్చు గానీ, హైదరాబాద్‌లో పిల్లల్ని పెంచుతున్న ప్రతి ఇంట్లోనూ అమల్లో ఉంది. బాల్కనీలోంచి చెయ్యి చాపి నాలుగు చినుకులు పట్టుకున్నందుకు మా చిన్నోడు ఈ వానాకాలంలో ఇప్పటికి ఆరుసార్లు తిట్లు తిన్నాడు. అదే చిన్నోణ్ని తడపడానికి దసరా సెలవుల్లో తలకింత అని టికెట్ కొని, దాని మీద 18 శాతం జీఎస్టీ కట్టి, ఔటర్ రింగ్ రోడ్డు దగ్గరి వాటర్ పార్కు దాకా మోసుకెళ్లాం. ఆకాశం పోసే నీటికి పన్ను లేదు. బహుశా అందుకే దానికి మర్యాదా లేదు.

తేదీ సెప్టెంబర్ 28. ముందురోజు రాత్రి టీవీలో హెచ్చరిక రాకపోలేదు. ఉపరితల ఆవర్తనం ఉందన్నారు, దానికి తోడు ద్రోణి ఉందన్నారు, రాష్ట్రంలో అక్కడక్కడా ఉరుములు మెరుపులతో కూడిన వర్షాలు పడతాయన్నారు. ఈ ‘అక్కడక్కడా’ అనే మాటకు నేనిన్నాళ్లూ సరిగా అర్థం తెలుసుకోలేదు. మొదటి ‘అక్కడ’ మనం బట్టలు ఆరేసిన చోటు. రెండో ‘అక్కడ’ మనం టికెట్ కొన్న చోటు. కరీంనగర్ నుంచి పిల్లలతో దిగిన మా బామ్మర్ది మాత్రం చలించలేదు. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడితే గానీ అది భారీ వర్షం కాదు. మా బామ్మర్ది లెక్కలో టికెట్ బుక్ చేశాక పడేది ఎంతైనా తుంపరే.

గేటు దగ్గర ఎత్తు కొలిచే కర్ర ఉంటుంది. పిల్లల టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. అక్కడ చిన్నోణ్ని ‘కొంచెం వంగురా’ అన్నాం. లోపల పెద్ద రైడ్ దగ్గర అలాంటి కర్రే ఇంకొకటి ఉంది. అక్కడ ‘కొంచెం నిక్కురా’ అన్నాం. పిల్లవాడి వ్యక్తిత్వ వికాసానికి ఇంతకంటే సమగ్రమైన శిక్షణ ఏ స్కూల్లోనూ దొరకదు.

ఆ తర్వాత సంచుల తనిఖీ. బయటి ఫుడ్ లోపలికి తేకూడదు. మా అమ్మ సంచిలో స్టీలు డబ్బా, డబ్బాలో మలీద ముద్దలు, సత్తుపిండి. గార్డు మూత తీసి, ‘పెద్దమ్మా, తినేటివి లోపలికి నడవయి’ అన్నాడు. మా అమ్మ అతన్ని జాలిగా చూసి, ‘ఇది తినేది గాదు బిడ్డా, బతుకమ్మ సద్ది’ అంది. ప్రసాదం ఫుడ్ కిందికి వస్తుందా రాదా అన్నది అతనికిచ్చిన నిబంధనల్లో ఉన్నట్టు లేదు. ఒక ముద్ద చేతిలో వేయించుకుని, కళ్లకద్దుకుని, నోట్లో వేసుకుని, మూత పెట్టి లోపలికి పంపాడు. ఆ రోజు మొత్తంలో న్యాయంగా జరిగిన పని అదొక్కటే.

పదకొండున్నరకు వాన మొదలైంది. పదకొండు ముప్పై అయిదుకు మైకులో ప్రకటన వచ్చింది: ‘వర్షం కారణంగా రెయిన్ డాన్స్ నిలిపివేయడమైనది.’

ఈ వాక్యాన్ని పాఠకులు మరోసారి చదువుకోవచ్చు, నాకేం తొందరలేదు. అప్పటిదాకా షవర్ల కింద పాటకు చిందులేస్తున్న రెండొందల మంది, వాన పడుతోంది అని తెలియగానే కేకలు పెడుతూ షెడ్డుల కిందికి పరిగెత్తారు. నెత్తిన నీళ్లు కారుతుండగానే కొందరు నెత్తిన రుమాలు వేసుకున్నారు. వాళ్లను నవ్వే అర్హత నాకు లేదు. నేను వేసుకున్నది మా ఆవిడ చున్నీ.

న్యాయానికి, ఆపడం సరైనదే. ఉరుము చెవికి వినపడిందంటే పిడుగు మన మీద పడగలిగేంత దగ్గర్లో ఉన్నట్టు లెక్క. చుట్టూ నీళ్లు, పైన ఆకాశమంత ఇనుము, మధ్యలో నైలాన్ డ్రెస్సుల్లో మనం. అందుకే ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి గానీ రైడ్లు మొదలుపెట్టరు. ఈ నియమంలోని క్రూరత్వం ఆ ‘ఆఖరి’ అన్న మాటలో ఉంది. మళ్లీ ఉరిమితే లెక్క మళ్లీ మొదటికి. మా బామ్మర్ది ఫోన్‌లో టైమర్ పెట్టాడు. 14వ నిమిషంలో ఉరిమింది. మళ్లీ పెట్టాడు. 22వ నిమిషంలో. మూడోసారి 28 దాటేసరికి క్యూలో జనం ఊపిరి బిగబట్టారు, మా చెల్లె, అంటే బామ్మర్ది భార్య, చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని సిద్ధంగా నిలబడింది. 29కి, ఎక్కడో శంషాబాద్ వైపు, పెద్దమనిషి గొంతు సవరించుకున్నట్టు చిన్నగా ఒక ఉరుము. ‘బావా, అది విమానం కావచ్చు గదా’ అన్నాడు పాపం. ఆపరేటర్ కుర్రాడు కాదన్నట్టు తలూపాడు.

నేను కౌంటర్‌కు వెళ్లి డబ్బులు వాపసు అడిగాను. ‘వర్షం మా చేతుల్లో లేదు సార్’ అంది అమ్మాయి. ‘మీరు అమ్మేదే వర్షం కదమ్మా’ అన్నాను. ‘అది ఆర్టిఫిషియల్ సార్, ఇది నేచురల్’ అంది. ఇంత సూటిగా ఎవరైనా చెప్పాక వాదించడం కుసంస్కారం. వచ్చేటప్పుడు ఆమె దగ్గరే 150 పెట్టి పల్చటి ప్లాస్టిక్ రెయిన్‌కోటు కొన్నాను. తడవడానికి ఒక టికెట్, తడవకుండా ఉండడానికి ఒక టికెట్. రెండింటికీ రసీదు ఇచ్చారు.

ఎనిమిది మందిమీ చివరికి ఒక చెట్టు కింద చేరాం. సిమెంటు చెట్టు. ఊడలున్నాయి, తొర్ర ఉంది, తొర్రలో స్పీకర్ ఉంది. నీడ మాత్రం లేదు. ఆకుల మధ్యనుంచి ధారలు కట్టి కారుతోంది. ఖాళీగా ఉన్న తండ్రికి చరిత్ర గుర్తుకు రావడం సహజం. సరిగ్గా ఇదే తేదీన, 1908లో, మూసీ పొంగి ఊరు మునిగినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని, ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇవాళ్టికీ ఉందని పిల్లలకు చెప్పాను. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారని, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అలా వచ్చినవేనని చెప్పాను. బామ్మర్ది కూతురు శ్రద్ధగా విన్నది. ‘ఆ చెట్టుకు టికెట్ ఎంత మామయ్యా?’ అని అడిగింది.

మా అమ్మ డబ్బా మూత తీసింది. సత్తుపిండి పంచింది. పక్క కుటుంబం వాళ్లు మా వైపే చూస్తుంటే వాళ్లకూ పెట్టింది.

అక్కణ్నుంచి నాలుగున్నర దాకా సాగిన దాన్ని విహారం అనడానికి నోరు రాదు, వసూలు అనాలి. మధ్యతరగతి మనిషి పార్కుకు ఆనందించడానికి వెళ్లడు, బాకీ రాబట్టుకోవడానికి వెళ్తాడు. కూలర్ నీళ్లు ఉచితమని బామ్మర్ది ఏడు గ్లాసులు తాగాడు. మా ఆవిడ, చెల్లె బాత్రూములో చేతులు ఆరబెట్టే మిషను కింద పిల్లల్ని వంతులవారీగా వంచి, తలలు, చొక్కాలు, చివరికి సాక్సులు కూడా ఆరబెట్టారు. ‘కరెంటన్నా వాళ్లదే కాలనియ్యి’ అన్నది వాళ్ల వాదం. రెండు గంటల శ్రమ తర్వాత ఆరుగురు మనుషులు, పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పటికంటే పొడిగా తయారయ్యారు. టికెట్ డబ్బుల్లో ఎంత తిరిగొచ్చిందో కచ్చితంగా చెప్పలేను గానీ, మిషను మాత్రం వేడెక్కి ఆగిపోయింది.

ఆ షెడ్డులో నిలబడే నగరపాలక సంస్థకు ఒక ప్రతిపాదన తయారుచేశాను. వాన పడిన రోజు ప్రతి చౌరస్తాలో ఒక మనిషిని కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. తలకు 50 రూపాయలు, 90 సెంటీమీటర్ల లోపు పిల్లలకు ఉచితం, చేతికి కాగితం పట్టీ. అంతే. ఆఫీసు మెట్ల మీద నిలబడి వానను బూతులు తిట్టే జనమే వరుసలో నిలబడి, పట్టీ కట్టించుకుని, నడిరోడ్డు మీద చేతులు చాపి సెల్ఫీలు దిగుతారు. కట్టిన డబ్బుకు తగినంత కురవలేదని ఫిర్యాదులు కూడా వస్తాయి.

అయిదున్నరకు వాన ఆగింది. ఉరుములు లేక అరగంట దాటింది. ఆరింటికి పార్కు మూసేస్తారు. మైకు మళ్లీ గురగురమంది: ‘రెయిన్ డాన్స్ ప్రారంభమైనది.’

ఆరబెట్టిన సాక్సులతో సహా పరుగెత్తాం. షవర్లు విప్పారు, పాట పెట్టారు, బామ్మర్ది రెండు చేతులూ పైకెత్తి అసలు బాకీ, వడ్డీ, చక్రవడ్డీ కలిపి వసూలు చేయడం మొదలుపెట్టాడు. అయిదు నిమిషాలు గడిచాయో లేదో ఎవరో ‘వానొస్తున్నది’ అని అరిచారు. పిల్లల్ని చంకన వేసుకుని అందరం మళ్లీ షెడ్డులోకి వచ్చి పడ్డాం. చున్నీ మళ్లీ నా నెత్తికెక్కింది.

షెడ్డులో గొడుగు పట్టుకుని కూర్చున్న మా అమ్మ మమ్మల్ని ఎగాదిగా చూసింది.

‘ఇంతసేపు తడుస్తనే ఉంటిరి గదరా. అండ్ల నల్లా వాన ఏదో, మొగులు వాన ఏదో ఎట్ల గుర్తువట్టిండ్రు?’

నేను జవాబు వెతుక్కుంటుండగా శంషాబాద్ వైపు ఉరిమింది. బామ్మర్ది ఫోన్ తీసి 30 నిమిషాలు పెట్టాడు.