సవరణ: లింకన్ తపాలా బిళ్ళ మీద 16 అంకె

తపాలా బిళ్ళల ద్వారా అబ్రహాం లింకన్‌ను తెలుసుకోవడం గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది చిన్నది. లింకన్ బొమ్మతో అమెరికా తెచ్చిన తొలి బిళ్ళ 1865 నాటిదని రాశాను. లింకన్ హత్య జరిగింది ఆ ఏడాది ఏప్రిల్‌లో. నల్లరంగు 15 సెంట్ల బిళ్ళ వచ్చింది 1866లో.

రెండోదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అమెరికా 1938లో తన అధ్యక్షుల బొమ్మలతో తెచ్చిన బిళ్ళల వరుసలో, బిళ్ళ వెల చూస్తే దాని మీద ఉన్నాయన ఎన్నో అధ్యక్షుడో తెలిసిపోతుందని రాశాను. లింకన్ విషయంలో అది నిజమే: 16వ అధ్యక్షుడు, 16 సెంట్లు. కానీ ఈ లెక్క 22 సెంట్ల దాకానే నమ్మదగినది. గ్రోవర్ క్లీవ్‌లాండ్ మధ్యలో విరామంతో రెండుసార్లు పదవిలో ఉన్నందువల్ల 22వ, 24వ అధ్యక్షుడు ఆయనే. ఆయన బొమ్మ 22 సెంట్ల మీద ఉంది. 24 సెంట్ల మీద ఉన్నదేమో 23వ అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్. 26వ వాడైన థియొడోర్ రూజ్‌వెల్ట్ 30 సెంట్ల మీద, 27వ వాడైన టాఫ్ట్ 50 సెంట్ల మీద కనిపిస్తారు. అర సెంటు మీద ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ అసలు అధ్యక్షుడే కాదు. 1775లో తపాలా శాఖకు తొలి అధిపతి అయినవాడు, అందుకే ఆ గౌరవం ఆయనకు తగినదే అనిపిస్తుంది నాకు.

నా మాట నమ్మి పిల్లలకు ఈ లెక్క నేర్పినవారు ఉంటే, దయచేసి దిద్ది చెప్పండి. లింకన్ యువకుడిగా 1833 నుంచి 1836 దాకా ఇలినాయ్ రాష్ట్రంలోని న్యూ సేలం అనే ఊళ్ళో పోస్ట్‌మాస్టర్‌గా పనిచేశారన్న మాట మాత్రం సరైనదే.