పంచదార పొడితో వరోవా నల్లి పోదు

తేనెటీగలకు పట్టే పరాన్నజీవి వరోవా నల్లి గురించి, వాటిని పెంచేవాళ్ల మధ్య ఒక సలహా బాగా ప్రచారంలో ఉంది: "వరోవా నల్లికి మందులు అక్కర్లేదు. ఈగల మీద పంచదార పొడి చల్లండి, పెట్టె అడుగున జాలీ బిగించండి, 4.9 మిల్లీమీటర్ల చిన్న గదుల మైనపు షీట్లు ఇవ్వండి. మిగతాది ఈగలే చూసుకుంటాయి. మరీ అయితే వాము నూనె, ఫార్మిక్ ఆమ్లం పెట్టండి, సహజమైనవే కదా."

రసాయనాలు లేకుండా పెంచాలన్న పట్టుదల నాకూ ఉంది. అందుకే ఈ సలహా మీద కోపం. దీన్ని నమ్మి ఈగలను పోగొట్టుకున్నవాళ్లు చివరికి సహజ పద్ధతులన్నిటినీ తిట్టుకుంటారు.

పొడి పడగానే ఈగలు ఒళ్లు శుభ్రం చేసుకుంటాయి, కొన్ని నల్లులు పట్టు జారి రాలతాయి. ఇంతవరకు నిజమే. కానీ పిల్లల పెంపకం సాగుతున్న పెట్టెలో నల్లుల్లో ఎక్కువ భాగం మూత పడిన గదుల్లో ప్యూపాలను, అంటే ఈగలుగా మారుతున్న పిల్లలను, పట్టుకుని ఉంటాయి. మైనం మూత దాటి పొడి లోపలికి పోదు. రెండు వారాలకోసారి నెలల తరబడి చల్లి చూసిన ఫ్లోరిడా పరిశోధకులు ప్రయోజనం కనబడలేదని 2009లో తేల్చారు.

పంచదార పొడి నిజంగా పనికొచ్చేది నల్లిని లెక్కపెట్టడానికి. పిల్లలున్న ఫ్రేము మీద రాణి లేదని చూసుకుని, అరకప్పు ఈగలను, అంటే సుమారు 300, జాలీ మూత ఉన్న సీసాలోకి దులపండి. రెండు చెంచాల పొడి వేసి దొర్లించి, కాసేపాగి, నీళ్లు పోసిన తెల్ల పళ్లెం మీద సీసాను బోర్లించి ఆడించండి. పొడి కరిగాక ఎర్రగోధుమ రంగులో, పొడవు కంటే వెడల్పు ఎక్కువగా తేలేవే నల్లులు. తొమ్మిది కనిపిస్తే నూటికి మూడు. ఇక ఆలస్యం చేయకూడదు.

పెట్టె అడుగున బిగించే జాలీ వల్ల ఒరిగేది కొద్దిగానే: కింద పడినవి తిరిగి పైకి ఎక్కలేవు. చిన్న గదులను అమెరికాలోని జార్జియాలోనూ ఐర్లండ్‌లోనూ పరీక్షించారు, నల్లి తగ్గలేదు.

"ఈగలే చూసుకుంటాయి" అన్నది మన పుట్ట తేనెటీగకు చాలావరకు చెల్లుతుంది. దాని గూళ్లలో వరోవా ప్రధానంగా పోతుటీగల గదుల్లోనే పిల్లలను పెడుతుంది. 1960ల్లో పంజాబ్, హిమాచల్ ప్రాంతాల్లో స్థిరపడిన ఐరోపా తేనెటీగకు ఆ రక్షణ లేదు. కూలి ఈగల గదుల్లోనూ నల్లి పెరుగుతుంది, రెక్కలు ముడుచుకుపోయే వైరస్‌ను అంటిస్తుంది.

మందు లేకుండా పనిచేసేవి లేకపోలేదు. వరోవాకు కూలి ఈగల గదుల కంటే పోతుటీగల గదులంటే ఎన్నో రెట్లు ఇష్టం. వాటి కోసం ఒక ఫ్రేము ఇచ్చి, మూతలు పడ్డాక, గుడ్డు పెట్టిన 24వ రోజు రాకముందే కోసి తీసేయండి. ఒక మూత లేపి చూస్తే పాలలా తెల్లని ప్యూపాకు అతుక్కున్న నల్లులు కనిపిస్తాయి. ఆ గడువు దాటితే మాత్రం నల్లిని మీరే పెంచినట్టవుతుంది. రాణిని 24 రోజులు పంజరంలో ఉంచితే గుడ్లు ఆగి, మూత గదులన్నీ ఖాళీ అవుతాయి. వరోవాకు దాక్కునే చోటు పోతుంది. తేనెటీగలకు పట్టే మరో నల్లి ట్రోపిలేలాప్స్ అయితే, ఈగ పిల్లలు లేకుండా ఎక్కువ రోజులు బతకజాలదు.

ఇక "సహజమైనవే" అన్న మాట. వాములోని థైమాల్, చీమల్లోని ఫార్మిక్ ఆమ్లం, పాలకూరలోని ఆక్జాలిక్ ఆమ్లం కూడా మోతాదు పాటించాల్సిన మందులే. ఆక్జాలిక్ మూత దాటదు కాబట్టి రాణిని ఆపిన తర్వాతే దాని బలం కనిపిస్తుంది. దాని ఆవిరి మన ఊపిరితిత్తులకు ప్రమాదం. ఫార్మిక్ మూత దాటి లోపలి నల్లినీ చంపుతుంది, కానీ పగటి వేడి 30 డిగ్రీలు దాటితే రాణి ప్రాణం మీదికి వస్తుంది. మన జిల్లాల్లో ఏడాదిలో ఎక్కువ రోజులు అలాంటివే.