జీరో టికెట్ అంటే ఎందుకంత చులకన?

ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు డబ్బు తీసుకోకుండా ఇచ్చే జీరో టికెట్‌ను చులకనగా చూసే మనం, కారును మాత్రం పరువుగా చూస్తాం. హైదరాబాద్‌లోని ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో 9999 నంబరు వేలానికి వచ్చిందంటే పాట లక్షల్లో నడుస్తుంది. ఆ డబ్బుతో ఇంకో కారు వస్తుంది. నాలుగు తొమ్మిదుల వల్ల బండి మైలేజీ పెరగదని కొనేవాళ్లకూ తెలుసు. సిగ్నల్ దగ్గర పక్కవాడు తల తిప్పి చూడాలి, అంతే. చౌమహల్లా ప్యాలెస్‌లోని 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ను చూస్తే ఈ మోజు ఎంత పాతదో తెలుస్తుంది. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. లోపలున్న నిజాం దారి పొడవునా జనానికి కనబడాలి కదా!

ఆఫ్రికాలోని ఘానాలో ‘గా’ అనే తెగవాళ్లయితే పరువు సంపాదించిన మనిషిని బెంజ్ కారులా చెక్కిన శవపేటికలో పెట్టి సాగనంపుతారు.

సౌదీ అరేబియాలో మాత్రం స్టీరింగ్‌కు వేరే అర్థం ఉండేది. 2018 జూన్ 24 దాకా అక్కడ ఆడవాళ్లు కారు నడపకూడదు. ఆ హక్కు అడిగిన పాపానికి కొందరు జైలుకు కూడా వెళ్లారు. గల్ఫ్‌తో బంధుత్వాలున్న మన పాతబస్తీ ఇళ్లలో ఆ మార్పు విలువ బాగా తెలుసు. ఎవరినీ బతిమాలకుండా గడప దాటి వెళ్లగలగడం చిన్న సంగతి కాదు.

2023 డిసెంబర్‌లో తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు తీసేసినప్పుడు మన దగ్గర జరిగిందీ అదే. ఉప్పల్‌లో ఎక్కిన ఇళ్ల పనులు చేసుకునే ఆవిడ ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. పర్సు తీసి చిల్లర లెక్కపెట్టుకునే పని లేదు. దూరమైనా సరే, జీతం నాలుగు రూపాయలు ఎక్కువొచ్చే చోటికి వెళ్లొచ్చు. సౌదీ మహిళలకు చప్పట్లు కొట్టిన మనమే ఈవిడను ‘ఫ్రీ బస్సు బ్యాచ్’ అంటున్నాం. సీటు కోసం ఇద్దరు గొడవపడితే వీడియో తీసి వాట్సాప్‌లో తిప్పుతున్నాం. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది.

మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 11 కిలోమీటర్లు దాటి ఉంటుంది. ప్రజల డబ్బుతో కట్టిన ఆ వంతెన మీద కారు రూపాయి టోల్ కట్టకుండా దూసుకుపోతుంది. దాన్ని ఎవరూ ఫ్రీ అనరు, ఎందుకంటే కారులో ఉన్నది పరువున్న మనిషని ముందే అనుకున్నాం.

1932లో నిజాం సర్కారు 27 బస్సులతో మొదలుపెట్టిన సేవే ఈ ఆర్టీసీ. ఆర్టీసీ బస్సు నంబరులోని ‘జెడ్’ ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి బస్సు ఎక్కే ఆడవాళ్లను వెక్కిరించడం మానేసి, ఆఫీసు వేళల్లో ఇంకొన్ని బస్సులు, నీడ ఉన్న స్టాపులు కావాలని వాళ్లతో కలిసి మనమూ అడగాలి.